తన్ను గూర్చి తాను చెప్పుకొనుట

ఉద్యోగమునకై ముఖాముఖి పరీక్షకు పోయిన ప్రతివానికిని మొట్టమొదట ఎదురగు ప్రశ్న యొకటి కలదు. "మిమ్ము గూర్చి కొంచెము చెప్పుడు." చూచుట కింతకంటె సులభమైన ప్రశ్న లేదు. ఇది గణితము కాదు, శాస్త్రము కాదు; దీనికై ఏ గ్రంథమును తిరుగవేయ నక్కఱలేదు. పుట్టినది మొదలు ఎడబాయక చూచుచున్న మనిషిని గూర్చియే అడుగుచున్నారు. అయినను మా గుంటూరు, ప్రకాశము సీమలలోని పత్తిచేలనుండియు మిరపచేలనుండియు చదువునకు వచ్చిన పిల్లలు, వ్రాతపరీక్షలలో నూటికి ఎనుబది తొంబది తెచ్చుకొన్నవారు, ఈ ప్రశ్నయొద్దనే ఆగిపోవుచున్నారు. పేరు చెప్పుదురు, ఊరు చెప్పుదురు, తండ్రి వ్యవసాయము చేయునని చెప్పుదురు, అటుపైని తల వంచుకొందురు.

దీనికి ఇంగ్లీషు రాకపోవుటయే కారణమని పలువురు తలంతురు. అది సగము నిజము. తెలుగున అడిగినను ఇంతకంటె ఒక్కమాట ఎక్కువ చెప్పనివారిని మే మెఱుగుదుము. మఱికొందఱు దీనిని పిరికితన మందురు. మిర్చి యార్డులో తూకమును గూర్చి కమీషను వ్యాపారితో తగవులాడి, తండ్రికి రావలసిన సొమ్మును పైసతో సహా రాబట్టిన కుఱ్ఱవాడే ఆ గదిలో మాట పెగలక కూర్చుండుట చూచినపుడు, దానిని పిరికితన మనుటకు మాకు నోరు రాదు. మా యభిప్రాయమున దీని మూలము వేఱు. ఆ పిల్లవానికి ఇంటిలో నేర్పిన ధర్మ మొకటి. ఆ గదిలో వానినుండి కోరబడు ధర్మము మఱియొకటి. రెంటికిని పొత్తు కుదరక నోరు మూతపడుచున్నది.

ఇంటిలో నే మేమి నేర్పుదుము? పెద్దలు మాటలాడునపుడు నడుమ మాటలాడకుము. అడిగినదానికి మాత్రమే బదులు చెప్పుము. నీ గొప్ప నీవు చెప్పుకొనకుము. గొప్ప యున్నచో నలుగురును చెప్పుదురు. ఇది నిన్న మొన్న పుట్టిన నీతి కాదు. భారతమున కర్ణపర్వములో ఒక చిత్రమైన ఘట్టము కలదు. కర్ణుని బాణములకు నొచ్చి శిబిరము చేరిన ధర్మరాజు కోపము పట్టలేక అర్జునుని నిందించి, గాండీవమును ఇంకొకరి కిచ్చివేయు మనెను. ఆ మాట యన్నవానిని చంపుదునని అర్జునునకు పూర్వమే వ్రతము. అతడు కత్తి దూసెను. కృష్ణు డడ్డుపడి, గౌరవింపదగిన పెద్దను నీవు తా వని తూలనాడుట యతనిని చంపుటతో సమానమే కనుక ఆ విధముగా వ్రతము తీర్చుకొనుమని గండము గడపెను. అన్నను తూలనాడిన పిదప అర్జునునకు తన్ను తానే చంపుకొనవలె నన్నంత పశ్చాత్తాపము కలిగినది. దానికిని కృష్ణుడే ఉపాయము చెప్పెను: నీ గుణములను నీ నోటితో నీవే పొగడుకొనుము, ఆత్మహత్య చేసికొన్నట్లే యగును. అర్జునుడట్లే చేసెను. ఇట్టి కథను తరతరములుగా విన్న జనములో పుట్టిన పిల్లవానిని పట్టుకొని, అయిదుగురు అపరిచితుల యెదుట "నీ గొప్పతనము లేమి?" అని అడుగుచున్నాము. వాడు తల వంచుకొనుట వింతయా?

ఈ సంకటమునకు మన పెద్దలలో కొందఱు చూపు మార్గము, ఊరకుండుట. యోగ్యత గలవానిని లోకము తానే గుర్తించునని వీరి విశ్వాసము. ఆ విశ్వాసము ఎందులకు పుట్టినదో కొంచె మాలోచింపవలెను. పల్లెలో నొకడు నిజాయితీపరుడో కాదో, కష్టపడునో కాదో, చిన్ననాటినుండి చూచిన నలుగురు కలరు. వాడు నోరు విప్పకున్నను వా రున్నారు. ఆత్మస్తుతి కూడదను నీతికి ఆ నలుగురును ఆధారము. హైదరాబాదులోనో చెన్నపట్టణములోనో నాలుగవ యంతస్తులోని చల్లని గదిలో ఆ నలుగురు లేరు. ఎదుట కూర్చున్నవారికి ఈ పిల్లవాడు తెలియడు. వాని ఊరు తెలియదు. వారికి పదునైదు నిమిషముల వ్యవధి మాత్రమే కలదు. అచట మౌనము వినయము కాజాలదు. తెలిసికొనగోరి అడిగినవానికి తెలుపకపోవుట యగును. సాక్షులు లేనిచోట తనకు తానే సాక్షి కావలసి వచ్చినవాడు సాక్ష్యము చెప్పక పోయిన, ఆ తప్పు నీతిశాస్త్రముమీదికి నెట్టుట న్యాయము కాదు.

దీనికి సరిగా ఎదురుదిక్కున నున్నవారు ఇంటర్వ్యూ శిక్షణాలయముల వారు. వీ రూరూరను వెలసినారు. వీరి విద్య యంతయు విశేషణముల విద్య. నేను కష్టజీవిని, నాకు నాయకత్వ లక్షణములు కలవు, నలుగురితో కలిసి పనిచేయుటలో నాకు మిగుల ఆసక్తి. ఇక లోపము లేమని అడిగిన, అతిగా శ్రమించుటయే నా లోపము! ఈ తుదిమాటను వినినపుడెల్ల మాకు నవ్వును కోపమును ఒక్కసారే వచ్చును. లోపమేమని అడిగినవానికి మాఱువేషము వేసిన గుణము నొకదానిని చూపి తప్పించుకొనుట అసత్యములలో నొకటి. పైగా అందఱును ఒకే అసత్యమును ఒకే స్వరముతో చెప్పుచున్నారు. వినువారికి దానియందు నమ్మకము పోయి చాలకాల మైనది.

మౌనమునకును ఈ చిలుకపలుకులకును నడుమ త్రోవ కలదా? కలదని మా నమ్మకము. దానిని మా సీమ రైతు ప్రతి సంవత్సరము నడుచుచున్నాడు. మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు మిర్చి యార్డునకు పోయి చూడుడు. వరుసలు తీర్చిన టిక్కీల నడుమ రైతు నిలుచుండును. తన సరకు గొప్ప దని ఉపన్యాస మీయడు. టిక్కీ మూతి విప్పును. కొనువాడు చేయి పెట్టి గుప్పెడు కాయ తీసి రంగు చూచును. కాయను విఱిచి తోలును గింజను చూచును. తేమను వ్రేళ్ళతోనే కనిపెట్టును. తాలుకాయ యెంత కలిసెనో చూచును. అడిగిన, ఏ రకము, ఎన్ని కోతల కాయ, కళ్ళములో ఎన్నినాళ్ళు ఎండినది అని రైతు చెప్పును. ఇది స్తుతి కాదు, సాక్ష్యము. తేజ రకపు కాయ యని చెప్పిన అది తేజయో కాదో అప్పుడే తేలును. మేలైన కాయ యని పదిమాఱులు చెప్పినను తేలునది యేమియు లేదు.

ముఖాముఖిలో తన్ను గూర్చి చెప్పుకొనువాడు ఈ భేదమును పట్టుకొనిన చాలును. "నే నిట్టివాడను" అనుట స్తుతి. "నే నిది చేసితిని" అనుట సాక్ష్యము. మొదటిది వినువానిని నమ్మమని వేడుకొనును. రెండవది వానికి తీర్పు చెప్పు స్వాతంత్ర్య మిచ్చును. అందుచేత మొదటిదానిలో నున్న లేకితనము రెండవదానిలో లేదు. చేసిన పనిని ఉన్నదున్నట్లు చెప్పుటలో ఆత్మస్తుతిదోషము లేదని, సంకోచించు పిల్లలకు మేము నిస్సంశయముగా చెప్పుచుందుము.

మాయొద్ద చదివిన యొక బాలిక సంగతి చెప్పుదుము. నరసరావుపేట ప్రాంతపు పల్లెటూరిది. తండ్రి కౌలురైతు. బ్యాంకు ఉద్యోగమునకు వ్రాతపరీక్షలో నెగ్గి, ముఖాముఖికి పిలుపు వచ్చినపుడు, ఎచ్చటనో కొనితెచ్చుకొన్న సమాధానములను కంఠస్థముచేసి మా యెదుట అప్పగించినది. వినయము, శ్రద్ధ, నాయకత్వము, సర్వమును అందు కలవు. ఆమె మాత్రము లేదు. విశేషణము లన్నిటిని కొట్టివేసి మిగిలినది చెప్పు మంటిమి. మిగిలినది చాలసేపటివఱకు ఏమియు లేదు. తుద కొకమాట బయటపడినది. ఇంటర్మీడియేటు నాటినుండి తండ్రి పురుగుమందుల దుకాణపు బాకీ, కౌలు, కూలి లెక్క లన్నియు ఆమెయే వ్రాయుచున్నదట. ఒక యేడు దుకాణపువాడు కట్టిన వడ్డీలో తప్పు పట్టి దిద్దించెనట. ఇది చెప్పవలసిన సంగతియే కాదని ఆమె యెంచినది, ఇంటిపని గదా!

పరీక్షకుల యెదుట ఆమె చెప్పినది ఇదియే. వారిలో నొకరు, మీ యూరి వడ్డీ యెట్లు కట్టుదురని యడిగిరట. "రెండు రూపాయల వడ్డీ యన్న నెలకు నూటికి రెండు, ఏడాదికి నూటికి 24. ఏడాది తిరుగగనే వడ్డీని అసలులో కలిపిన, రెండవ యేట నూరు రూపాయల అసలు 124 యగును; దానిమీద మరల రెండు రూపాయలు. మా తండ్రికి తెలియనిది ఆ కలుపుట" అని చెప్పినదట. అటుపైని భూమి యజమాని పేర నుండగా కౌలురైతునకు బ్యాంకు అప్పు పుట్టుట యేల కష్టమో, 2019 నాటి పంటసాగుదారు హక్కుల చట్టముక్రింద నిచ్చు పదునొకండు నెలల కార్డు వారి యూర నెందఱికి దొరకినదో, మాటమీద మాట సాగినది. పరీక్ష పోయి సంభాషణ వచ్చినది. ఉద్యోగము ఆ సంవత్సరము రాలేదు. మఱుసటి సంవత్సరము ఇంకొక బ్యాంకులో వచ్చినది. మే మిచట చెప్పదలచినది ఉద్యోగము వచ్చెనని కాదు. ఆ మొదటి దినమున గదినుండి బయటికి వచ్చినపుడే ఆమె మాటలో క్రొత్తదిట్టతనము వినబడినది.

ఇందొక హెచ్చరిక కలదు. యార్డులో కొనువాడు టిక్కీ పైభాగమునే చూచి ఊరకుండడు; మోచేతివఱకు చేయి దింపి అడుగునుండి కాయ తీయును. మంచికాయ పైని పఱచి తాలును అడుగున దాచువా రున్నారని వాడెఱుగును. పత్తికి నీళ్ళు చల్లి బరువు పెంచువారును కలరు. అందుకే భారత పత్తి సంస్థవారి కేంద్రమున తేమ నూటికి 8 నుండి 12 లోపల నున్నదా యని యంత్రము పెట్టి చూతురు. ముఖాముఖిలో మొదటి ప్రశ్న టిక్కీ మూతి; "ఎట్లు చేసితివి?", "ఎందు కట్లు చేసితివి?", "అది చెడిన ఏమి చేసియుందువు?" అను తరువాతి ప్రశ్నలు అడుగునకు దిగిన చేతులు. అడుగువఱకు ఒకే కాయ యున్న సంగతినే పైని పెట్టవలెను. స్నేహితులు నలుగురు చేసిన పనిని తన పనిగా చెప్పుకొన్నవాడు రెండవ ప్రశ్నకే దొరకిపోవును.

ఇక మాటతీరు. ఈ విషయమున మాకు తెలిసిన మేలైన పాఠము కిష్కింధాకాండములో నున్నది. ఋశ్యమూకమువైపు వచ్చుచున్న రామలక్ష్మణులను జూచి భయపడిన సుగ్రీవుడు, వా రెవరో కనుగొని రమ్మని హనుమంతుని పంపెను. అతడు భిక్షుక వేషమున వచ్చి పలుకరించెను. అడుగవచ్చినవా డతడు, ప్రశ్న లతనివి. కాని రాముడు బదులు చెప్పక ముందే ఆ మాటలను తూచి, ఈతని చదువెంత, సంస్కారమెంత యని తమ్మునితో చెప్పెను. అందు రాముడు మెచ్చినది పాండిత్యమును మాత్రమే కాదు. మాట మిక్కిలి సాగదీయలేదట, తడబడలేదట, తొందరపడలేదట, జాగు చేయలేదట, గొంతు మఱీ హెచ్చును కాదు, మఱీ తగ్గును కాదట, కనుబొమలందుగాని నుదుటగాని వికారము కానరాలేదట. ముఖాముఖి శిక్షణకు వేలకు వేలు పోయువారు ఈ కొలతలకంటె అధికమైనదేదియు కొని తెచ్చుట మేము చూడలేదు.

అంతకంటె ముఖ్యమైన దొకటి ఆ ఘట్టములో కలదు. హనుమంతుడు వచ్చినది మాఱువేషమున. ఆ సంగతిని ఎదుటివారు పట్టుకొనువఱకు ఆగలేదు. తా నెవడో, ఎవడు పంపగా వచ్చెనో, ఏ వేషము వేసెనో ఆ మొదటి సంభాషణములోనే తన నోటితోనే చెప్పివేసెను. నేటి ఉద్యోగార్థుల జీవితములో మఱుగుపఱుపదలచు సంగతి యొకటి తఱచుగా నుండును. డిగ్రీ యైన పిదప రెండు మూడేండ్లు గ్రూపు పరీక్షలకని హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది తీసికొని చదివి, గెలువక, ఇంటికి చేరినవారు మా పల్లెలలో ఎందఱో. ఆ మూడేండ్లను ఏ బూటకపు కొలువుతోనో పూడ్చి చూపుమని సలహా నిచ్చువారు కలరు. మా సలహా దీనికి విరుద్ధము. వారడుగక ముందే రెండు వాక్యములలో మీరే చెప్పుడు: ప్రయత్నించితిని, కాలేదు, ఆ కాలమున ఇది నేర్చితిని. తానే చెప్పినది సమాచార మగును. ఎదుటివాడు పట్టుకొన్నది నేర మగును.

తెలియని ప్రశ్న వచ్చినపుడు "తెలియదు" అనవలెను. ఇది వ్రాయుట తేలిక, అనుట కష్టము. మన బడులలో తెలియ దన్నవానిని నిలువబెట్టుదుము, ఏదో యొకటి వాగినవానికి సగము మార్కు లిత్తుము. అందుచేత ఏదో యొకటి వాగుట మనకు రెండవ ప్రకృతియైనది. ఛాందోగ్యములోని సత్యకాముని తలచికొనుడు. బ్రహ్మచర్యమునకై గౌతముని యొద్దకు పోగా ఆయన అడిగిన ప్రశ్న, నీ గోత్రమేమి? అతడు తల్లి జబాలను ముందే అడిగి యుండెను. పలుచోట్ల పరిచర్యలు చేయు కాలమున నిన్ను కంటిని, గోత్రము నే నెఱుగ నని ఆమె చెప్పెను. ఆ మాటనే ఏమియు మార్చక గురువునకు విన్నవించెను. ఆ నాటి ముఖాముఖిలో తప్పనిసరియైన ప్రశ్నకు తెలియదను సమాధానము చెప్పి నెగ్గినవా డతడు. సత్యమునుండి తొలగలేదు కనుక నిన్ను చేర్చుకొందునని గౌతము డనెను. నేటి పరీక్షకు లందఱును గౌతములని మే మనము. అయినను తెలియనిదానిని తెలియదని చెప్పి, తెలిసినంతవఱకు తర్కించి చూపినవానిని చిన్నచూపు చూచువారు తక్కువ.

సత్యకాముని కథ యింకొక సంగతిని జ్ఞప్తికి తెచ్చుచున్నది. ఆ గోత్రప్రశ్న నేటికిని చావలేదు, వేషము మార్చినది. "మీ యింటిపేరేమి?" "మీది ఏ యూరు? ఆ యూర ఏ వీధి?" "ఫలానావారు మీకేమగుదురు?" మా జిల్లాలలో ఈ ప్రశ్నల యర్థము పసిబిడ్డకును తెలియును. ప్రభుత్వోద్యోగములలో మతము, కులము, లింగము, వంశము, పుట్టినచోటు మున్నగువాని కారణమున భేదము చూపరాదని రాజ్యాంగపు 16వ అధికరణము శాసించినది. శాసనము కాగితముమీద నుండగా ప్రశ్న గదిలో పుట్టును. అట్టితఱి అభ్యర్థి యేమి చేయవలెను? దబాయించిన ఉద్యోగము పోవును. తలయూపి చెప్పిన అభిమానము పోవును. ఇంటిపేరు చెప్పుటలో సిగ్గుపడవలసిన దేమియు లేదు, చెప్పవచ్చును. అంతకు మించి వీధులు, చుట్టరికములు వెదకినపుడు, "ఆ సంగతి యీ పనికి ఎట్లు ఉపయోగించునో సెలవిచ్చిన దానికి తగినట్లు చెప్పుదును" అని మెల్లగా అనవచ్చును. ఈ వాక్యమును కోపము లేకుండ పలుకుటకు సాధన కావలెను. పలికినవానికి ఆ యుద్యోగము రాకపోవచ్చును కూడ. ఆ నష్టము లేదని చెప్పి పిల్లలను మోసగించుట మాకు సమ్మతము కాదు.

ఆడుపిల్లలకు ఇంకను హెచ్చు. పెండ్లి యెప్పుడు? పెండ్లి యైన పిదప ఉద్యోగము చేయనిత్తురా? పిల్లలు పుట్టిన సెలవు పెట్టుదువా? ఇట్టి ప్రశ్నలు అన్నదమ్ముల నడుగుట మేము వినలేదు. నియామకములలో స్త్రీపురుష భేదము కూడదని 1976 లోనే సమాన వేతన చట్టము చెప్పినది. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరున శారదా నికేతనమును స్థాపించినపుడు స్త్రీకి చదువెందుకని అడిగినవా రుండిరి. నూఱేండ్లకు చదువెందుకను ప్రశ్న పోయి, చదివినదానికి కొలువెన్నాళ్ళను ప్రశ్న వచ్చినది. "పనిలో చేరిన వారందఱును ఎన్నాళ్ళు చేయవలెనని సంస్థ కోరునో నేనును అన్నాళ్ళు చేయుటకు సిద్ధముగా నున్నాను" అని యొక యువతి బదులు చెప్పగా వింటిమి. ఇంతకంటె మర్యాదయైన చెంపపెట్టు మాకు తోచుట లేదు.

భాష మాట. వచ్చీరాని ఇంగ్లీషున పెద్దమాటలు పలుకుటకంటె వచ్చిన ఇంగ్లీషున చిన్నమాటలు పలుకుట మేలు. ఐ.ఏ.ఎస్. మున్నగు కొలువులకు కేంద్ర సర్వీసు కమీషనువారు జరుపు వ్యక్తిత్వ పరీక్షలో, వ్రాతపరీక్షను తెలుగున వ్రాసినవారు తెలుగుననే సమాధానములు చెప్పవచ్చును. ఆ పరీక్షకు 275 మార్కులు, వ్రాతకు 1750. అది గట్టి అడ్డుప్రశ్నల విచారణ కాదనియు, ఒక ప్రయోజనము నుద్దేశించిన సహజసంభాషణమనియు కమీషనువారే తమ నియమములలో చెప్పుకొన్నారు. దేశములోని మిగుల పెద్ద కొలువునకు తెలుగు చాలినపుడు, గుంటూరులోని యొక దుకాణపు లెక్కలవానికి ఇంగ్లీషులోనే ముఖాముఖి యేల జరుపుదురో అది జరుపువారే చెప్పవలెను.

ఇంతవఱకు అభ్యర్థి ధర్మమును చెప్పితిమి. అడుగువారి ధర్మము మాటేమి? ఈ విషయమున న్యాయస్థానములు కొంత కృషి చేసినవి. శ్రీనగరు ఇంజనీరింగు కళాశాల ప్రవేశముల వ్యాజ్యములో 1980 చివర సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అచట ముఖాముఖి యొక్కొక్కరికి రెండు మూడు నిమిషములట. అడిగినవి తల్లిదండ్రులు, నివాసము మున్నగు ప్రశ్నలట. దానికి 150 లో 50 మార్కులట! నూటికి 15 మించరాదనియు, ఆ సంభాషణమును యంత్రమున నమోదు చేయుట మేలనియు కోర్టువారు చెప్పిరి. మఱుసటి సంవత్సరము మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు రాజస్థాను న్యాయాధికారుల నియామకమును గూర్చి వ్రాసిన తీర్పులో రెండవవైపును చూపిరి. వ్రాతపరీక్ష తెలివిని చూపును, మనిషిని చూపుటకు ముఖాముఖి కావలెను; బడి విడిచిన పిల్లలకు వ్రాతయే ప్రధానమైనను, వయసు వచ్చి వ్యక్తిత్వము కుదిరినవారిని ఎన్నుటలో సంభాషణమునకు హెచ్చుపాలు నీయవచ్చు నని వారి మతము. మా కీ రెండును ఒప్పే. ప్రభుత్వములు మాత్రము ఊగిసలాడుచున్నవి. క్రిందితరగతి కొలువులకు కేంద్రప్రభుత్వము 2016 జనవరి 1 నుండి ముఖాముఖిని తీసివేసెను. మన రాష్ట్రమున 2021లో గ్రూపు-1తో సహా అన్నిటికి రద్దని ఉత్తరువు పుట్టెను. అయినను 2022 నాటి గ్రూపు-1 ప్రకటనకు 2023లో ముఖాముఖి జరుగనే జరిగెను.

అడుగువారు తమ దృష్టిని తా మతిగా నమ్ముటయే ఇందలి పెద్దచిక్కు. ఒక మంచిగుణము కనబడిన తక్కిన గుణములును ఉన్నట్లే తోచునని థారన్‌డైకు అను అమెరికా పండితుడు 1920లోనే సైన్యాధికారులు వ్రాసిన యోగ్యతాపత్రములనుండి నిరూపించెను. 2013లో డేనా మొదలగువారు ప్రకటించిన ప్రయోగ మొకటి మఱింత నవ్వు పుట్టించును. విద్యార్థులను ప్రశ్నించి వారికి రాబోవు మార్కుల నూహింపుమని కొందఱికి చెప్పిరి. కొన్ని ముఖాముఖిలలో సమాధానము చెప్పువారు తమ మనసున నున్నదానిని గాక, ముందుగా ఏర్పఱచిన యొక లెక్కనుబట్టి తోచినట్లు అవునని, కాదని చెప్పుచుండిరి. ప్రశ్నించువారు ఆ సంగతి కనిపెట్టలేదు సరిగదా, ఎదుటివాని స్వభావము తమకు చక్కగా బోధపడిన దనియే తలచిరి! పూర్వపు మార్కులు మాత్రము చూచి ఊహించినచో అంతకంటె సరిగా వచ్చియుండెడిదట. దీనికి మందును పండితులే చెప్పుచున్నారు. పనికి సంబంధించిన ప్రశ్నలను ముందే ఏర్పఱచుకొని, అందఱిని అవియే అడిగి, ఒకే కొలతతో మార్కులు వేసినచో ముఖాముఖి మిక్కిలి నమ్మదగిన పరీక్షలలో నొకటి యగునని 2022లో శాకెట్టు ప్రభృతులు పాత పరిశోధనల నన్నిటిని తిరుగదోడి తేల్చిరి. యార్డులో కాటా పెట్టినట్లే; చేతితో ఎత్తి బరువు చెప్పువాని నేర్పును మెచ్చుకొనవచ్చును గాని, సొమ్ము మాత్రము కాటానుబట్టియే పుచ్చుకొనవలెను.

ఉద్యోగము రాని పిల్లల యిండ్లలో ఈ సంగతి తెలిసి యుండుట అవసరము. పదునైదు నిమిషముల సంభాషణములో నలుగురు చేసిన నిర్ణయమును ఆ పిల్లవాని జన్మముమీద తీర్పుగా నెంచి, రాత్రి భోజనమువేళ మరల విచారణ మొదలుపెట్టు తండ్రులను మే మెఱుగుదుము. ఎదురింటివాని కుమారునికి వచ్చినదట!

కపటమును గూర్చి నాలుగు మాటలు. తెరమీద జరుగు ముఖాముఖిలు వచ్చిన పిమ్మట, తన బదులు ఇంకొకని కూర్చుండబెట్టుటయు, చెవిలో పరికరము పెట్టుకొని వేఱొకడు చెప్పగా పలుకుటయు, కృత్రిమ మేధ తెరమూలన వ్రాసి చూపిన సమాధానమును కన్నులు కదల్చి చదువుటయు మొదలైనవి. అందఱును చేయుచున్నారు గదా యని సమర్థించుకొందురు. ఆ యంత్రమును ముందురోజు రాత్రి ప్రశ్నలడుగు మిత్రునిగా వాడుకొనుట తప్పు కాదు. మేమును వాడుకొనుమనియే చెప్పుదుము. సంభాషణ జరుగుచుండగా దానిని లోపల కూర్చుండబెట్టుట మాత్రము, కొనువానికి చూపిన గుప్పెడు కాయ పొరుగువాని టిక్కీలోనిదై యుండుట వంటిది. ఇక సిఫారసు ఉత్తరమును జేబున పెట్టుకొని పోవు పాత యాచారమును గూర్చి యేమి చెప్పుదుము? ఇది కపటమే కాదను భ్రమలో మనము బ్రతుకుచున్నాము. యంత్రముకంటె అది పాతది, అంతే.

సాధన ఇంటిలో మొదలు కావలెను. ఇంటికి చుట్టము వచ్చినపుడు ఆడుపిల్లచేత కాఫీ యిప్పించి లోపలికి పంపివేయుదుము. మగపిల్లవానిచేత నమస్కారము పెట్టించి అవతలికి పొమ్మందుము. వారిని అచటనే కూర్చుండనిచ్చి, చుట్ట మడిగినదానికి వారినే చెప్పనీయుడు. "వాడికి తెలియదులెండి, నేను చెప్పెద" నని తండ్రి అందుకొనకుండుట మొదటి మెట్టు. పిల్లవాడు చెప్పిన సంగతి తప్పైన, చుట్టము పోయిన పిదప దిద్దవచ్చును.

జీతమును గూర్చి అడిగిన ఒక సంఖ్య చెప్పవలెను. "మీ యిష్ట" మనరాదు. ఆ పనికి ఆ యూర ఏమి యిచ్చుచున్నారో ముందే కనుగొనవలెను. ఇందు ఇంతకంటె వ్రాయవలసినది లేదు.

తుదను పరీక్షకులు "మీ రేమైన అడుగదలచితిరా?" అందురు. మన పిల్లలు నూటికి తొంబదిమంది "ఏమియు లేదండి" అని లేచి వత్తురు. పర్చూరు ప్రాంతమునుండి ఒక నూలుమిల్లు కార్యాలయములో కొలువునకు పోయిన అమ్మాయి మాత్ర మడిగినది: "రెండవ షిఫ్టు రాత్రి పదింటికి ముగియునని చెప్పితిరి. మా యూరి చివరి బస్సు తొమ్మిదిన్నరకే పోవును. ఆ షిఫ్టులో పనిచేయు ఆడువారు ఇండ్లకు ఎట్లు పోవుచున్నారండి?" అడుగుటకు వచ్చినవారు ఒకరి మొగ మొకరు చూచుకొనిరట. వారిలో పెద్దవారు కలము తీసి ఆ ప్రశ్నను కాగితముమీద వ్రాసికొనిరట.